సూది గొడ్డుకా, మనకా?

(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కౌలు కార్డుల మీద మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇద్దరు ఈ వేదిక మీదే ఉన్నారు, వాళ్లు చెబుతారు. నాకిచ్చిన అరగంట వేరే పనికి వాడుకుంటానని ముందే అడిగి ఒప్పించుకున్నాను. వచ్చే నెల మన మండలంలో గాలికుంటు టీకాల విడత మొదలవుతోంది. పోయిన విడతలో మా ఊరికి టీకాలవాళ్లు వచ్చిన రోజు ఏం జరిగిందో చెబితే మీకు నవ్వొస్తుంది. పొద్దున ఆరున్నరకల్లా సగం బజారు కొట్టాలు ఖాళీ. బర్రెలన్నీ చెరువు వెనక చేలల్లోకి పోయినయ్. పండగపూట కూడా అంత పెందలాడే గొడ్లను విప్పినవాళ్లు లేరు మా ఊళ్లో. ఆ పిల్లవాడు, పశుసంవర్ధక సహాయకుడు, ఐస్ పెట్టె పట్టుకుని రచ్చబండ దగ్గర ఎండలో నిలబడ్డాడు.

అట్లా తోలుకుపోయినవాళ్లను తిట్టడానికి రాలేదు నేను. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే పని చేశాను. అది చెప్పాలనే ఇక్కడ నిలబడ్డాను.

2013లో. మీలో చాలామందికి గుర్తుండాలి, కర్ణాటక నుంచి మొదలై దక్షిణాదంతా గాలికుంటు తిరిగిన సంవత్సరం. అప్పుడు మా ఇంట్లో రెండో ఈత బర్రె, ఈని నెలన్నర. రెండు పూటలా కలిపి ఏడు లీటర్లు ఇస్తోంది. కింద పెయ్యదూడ. టీకాలవాళ్లు మా గుమ్మం ముందుకే వచ్చారు. నేను ఏమన్నానంటే, 'సార్, ఇప్పుడు సూది వేస్తే పాలు తగ్గుతయ్, వచ్చేసారి చూద్దాం' అన్నాను. పాలకేంద్రంలో పదిహేను రోజులకోసారి లెక్క. ఆ పదిహేను రోజుల డబ్బుతో ఎరువు కొట్టు బాకీ కట్టాలి. నా ఆలోచన అంతవరకే పోయింది.

పాలు తగ్గుతాయన్నది అబద్ధం కాదు. సూది వేశాక రెండు మూడు రోజులు కొన్ని గొడ్లకు ఒళ్లు వెచ్చబడుతుంది, మేత తగ్గుతుంది, వేసిన చోట గడ్డ కడుతుంది, పాలు కొంచెం దిగుతయ్. ఏడు లీటర్లది అయిదుకు దిగిందనుకోండి, మూడు రోజులకు ఆరు లీటర్లు. అప్పట్లో లీటరు ముప్పయి అయిదు రూపాయలనుకుంటే రెండు వందల పది రూపాయలు. నేను కాపాడుకున్నది అది.

రెండు నెలలు తిరక్కముందే మా పక్క బజారులో ఒకతను సంత నుంచి కొత్త బర్రెను తోలుకొచ్చాడు. నాలుగు రోజులకు దానికి నోట్లో పొక్కులు, చొంగ, గిట్టల మధ్య పుండ్లు. అందరివీ ఒకే కుంట నీళ్లు. వారానికి మా దానికి పట్టుకుంది. నాలుక మీద తోలు ఊడి చేతికొచ్చింది. పొదుగు మీద కూడా పొక్కులు లేచి, చెయ్యి వేస్తే తన్నేది. దూడ సంగతి చెప్పలేను గానీ చెప్పాలి. సాయంత్రం పాలు తాగింది, కట్టుకొయ్య దగ్గర పడుకుంది, తెల్లారి చూస్తే అట్లాగే ఉంది. నోట్లో ఒక్క పుండు లేదు. తర్వాత డాక్టరు గారు చెప్పారు, ఈ రోగం లేగదూడలకు గుండెను పట్టుకుంటుందనీ, పుండ్లు కనపడకముందే ప్రాణం పోతుందనీ.

బర్రె బతికింది. కానీ ఆ వేసవిలో కుక్కలాగా నాలుక బయటపెట్టి ఎగరోజేది. రెండు వైపుల చన్ను ఎండిపోయింది. ఏడాది తిప్పినా ఎదకు రాలేదు. చివరికి ఏ ధరకు పోయిందో, ఎవరికి పోయిందో ఈ సభలో చెప్పను.

ఇదంతా నా నష్టం. నా తలకాయకు నేను పెట్టుకున్నది. అసలు సంగతి ఇంకొకటి ఉంది. మా గోడ అవతల మా పిన్నమ్మ ఒకామె, మా నాన్నకు పినతండ్రి కోడలు వరస. భర్త లేడు. ఒకే ఒక్క ఆవు. టీకాలవాళ్లు మా ఇంటి నుంచి ఆమె ఇంటికి పోయినప్పుడు ఆమె నా వంక చూసి, 'అబ్బాయ్ వేయించలేదుగా, మాకూ వద్దులే' అంది. సంఘంలో తిరిగేవాణ్ణి, నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి, నాకు తెలుసని ఆమె నమ్మకం. ఆ ఆవు పోయింది. ఆమె నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత నేను ఈ టీకాల సంగతి కొంచెం పట్టించుకుని తెలుసుకున్నాను. పదో తరగతి చదువు నాది, డాక్టర్లను విసిగించి తెలుసుకున్నదే అంతా. మన దేశంలో గాలికుంటుకు మూడు రకాల క్రిములు తిరుగుతున్నయ్, ఓ, ఏ, ఆసియా-1 అని. మూడింటికీ కలిపి ఒకే టీకా. ఒక రకానికి వచ్చిన బలం ఇంకో రకానికి పనికిరాదు, అందుకే 'మా దానికి ఒకసారి వచ్చి పోయిందిగా, ఇక రాదు' అనుకోవడం తప్పు. టీకా వేసిన రోజే బలం రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. వచ్చిన బలం ఆరు నెలల దాకా ఉంటుంది, తర్వాత దిగిపోతుంది. అందుకే ఏడాదికి రెండు విడతలు. దూడకు నాలుగు నెలలు నిండాక మొదటిది, నెల తర్వాత ఇంకొకటి. ఊళ్లోకి రోగం వచ్చాక పరిగెత్తి వేయించుకుంటే, కొన్నిటికి అప్పటికే లోపల రోగం ఉంటుంది, సూది వేసిన నాలుగో రోజు బయటపడుతుంది. అప్పుడు సూది వల్లే వచ్చిందని ఊరంతా చెప్పుకుంటారు. మా ఊళ్లో అట్లాగే చెప్పుకున్నారు.

2019 సెప్టెంబరులో మథురలో మొదలుపెట్టిన జాతీయ పథకం కింద ఇప్పుడు ఈ టీకా మనకు ఉచితంగా వస్తోంది. అయిదేళ్లకు 13,343 కోట్లు అన్నారు. 2030 నాటికి దేశంలో గాలికుంటు లేకుండా చేయాలన్నది లక్ష్యం. అవుతుందా అని మీరు అడుగుతారు. మీ తాతల్ని అడగండి, ముసర వ్యాధి అంటే ఏమిటని. పెద్ద రోగం అనేవాళ్లు. వచ్చిందంటే ఊరి గొడ్లు వరసపెట్టి పారుకుని చచ్చేవి. కాడికి ఎద్దులు లేక పొలాలు బీడు పడేవి. ఈ పందిట్లో నలభై ఏళ్ల లోపువాళ్లెవరూ ఆ రోగాన్ని చూసి ఉండరు. మన దేశంలో 1995 తర్వాత అది లేదు. 2011లో ప్రపంచం మొత్తం మీదే లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి, గొడ్లలో ముసర, ఈ రెండే ఇప్పటిదాకా భూమ్మీద నుంచి పూర్తిగా పోయిన రోగాలు. రెండూ పోయింది టీకాతోనే. గ్రామదేవతకు మనం కోళ్లు కోశాం, ఊరి పొలిమేరలో ముగ్గులు పోశాం. నేను వాటిని ఎగతాళి చేయను, మా అమ్మ చేసింది కాబట్టి. కానీ వాటితో పోలేదు.

ఇప్పుడు రెండో సంగతి. గొడ్లను చేలల్లోకి తోలుకుపోయినవాళ్లు మూర్ఖులు కాదు. నేను ఇంటింటికీ తిరిగి అడిగాను. ఒకాయన చెప్పాడు, కిందటి విడతలో ఒకే సూదితో బజారు మొత్తానికి పొడిచారని. ఇంకొకామె, చెవికి పోగు వేస్తే చీము పట్టి పురుగులు పడ్డయ్యని. ఒకరు, మధ్యాహ్నం రెండింటికి వచ్చారు, పెట్టెలో ఐస్ ఎప్పుడో నీళ్లయిపోయిందని. ఒకతను నిండు చూలు బర్రెను నలుగురు పట్టి పడేసి పొడిస్తే రెండు రోజులకు ఈసుకుపోయిందని. ఇవి పుకార్లు కావు. జరిగినయ్. నేను చూశాను కొన్ని.

చెడ్డగా వేసే సూది మీద కోపం వచ్చి సూదే వద్దనుకోవడం అంటే, తూకంలో మోసం చేస్తున్నాడని పంట కోయడం మానుకోవడం లాంటిది. తూకం దగ్గర మనం ఏం చేస్తాం? కాటా దగ్గర నిలబడతాం, రాళ్లు చూపించమంటాం. ఇక్కడా అదే చేద్దాం. టీకాను 2 డిగ్రీల నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలో ఉంచాలి. వేడెక్కితే పనికిరాదు, గడ్డ కట్టినా పనికిరాదు. కాబట్టి 'అబ్బాయ్, పెట్టె మూత తియ్, ఐస్ ఉందా చూస్తాను' అని అడగండి. అడిగే హక్కు మీకుంది. గొడ్డు గొడ్డుకూ సూది మార్చమనండి. తెల్లారే రమ్మనండి, ఎండ ఎక్కాక వద్దనండి. నిండు చూలుతో ఉన్నదాన్ని ముందే చెప్పండి. మా డాక్టరు గారు అట్లాంటి వాటిని విడిచిపెట్టి ఈనిన తర్వాత వచ్చి వేశారు. జ్వరంతో ఉన్న గొడ్డుకు, మేత తినని గొడ్డుకు వేయించవద్దు. అన్నిటికంటే ముందు గొడ్డును పలుపుతో మనమే పట్టుకోవాలి, మన చెయ్యి తగిలితే అది బెదరదు. పడేసి తొక్కే పనే ఉండదు.

ఇక ఆ పిల్లవాడి సంగతీ ఆలోచించండి. ఒక్కడికి ఎన్ని ఊళ్లు? రోజుకు ఇన్ని సూదులని పైనుంచి లెక్క. సాయంత్రానికి ప్రతి చెవిపోగు నెంబరు, 12 అంకెలు, ఫోన్లో ఎక్కించాలి. ఎక్కించకపోతే సూది వేసినా వేయనట్టే. అందుకే సంఘం తరపున మన అర్జీలో మూడు రాద్దాం: ప్రతి విడతకు అదనపు మనుషులు, ఊరి దగ్గర్లో చల్లపెట్టె, టీకా తర్వాత ఈసుకుపోయినా చచ్చిపోయినా డాక్టరు వచ్చి చూసి రాసే కాగితం, దాని మీద పరిహారం. ఈ మూడోది లేకపోతే పేదవాడికి ధైర్యం రాదు. ఒక్క గొడ్డున్నవాడికి నూటికి ఒకటి అనే లెక్క ఉండదు, వాడికి ఉన్నదే ఒకటి.

చిన్న జీవాల సంగతి రెండు మాటలు. జీవాలవాళ్లు ఇవాళ తక్కువమందే వచ్చారు, మంద దూరాన ఉంది. వానలు పడకముందే చిటుక రోగానికి వేయించాలి. పారుడు రోగం సూది ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతుంది. ఇంత చవకైన బీమా ఇంకొకటి లేదు. ఇబ్బంది ఏమిటంటే, టీకాలవాళ్లు ఊరికి వస్తారు, మంద ఊళ్లో ఉండదు. వలస మందలకు సంచార వాహనం పోవాలని మనం అడగాలి. 1962కు ఫోన్ చేస్తే ఆ బండి వస్తుంది, కానీ అది జబ్బు చేశాక వచ్చే బండి. జబ్బు చేయకముందు వచ్చే బండి కావాలి.

ఇప్పుడు అసలు నేను చెప్పదలచుకున్న దానికి వస్తాను. గాలికుంటు మనకు రాదు. లంపీ మనకు రాదు. 2022లో లంపీ ముద్దలు చూసి కొందరు పాలు పారబోశారు, ఫోన్లలో వచ్చిన బొమ్మలు నమ్మి. ఆ పాలకేం కాదు, కాచుకుని తాగొచ్చు. అది దోమలూ జోరీగలూ గోమార్లూ ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకు చేరవేసే రోగం. కానీ కొన్ని రోగాలున్నయ్, గొడ్డు నుంచి నేరుగా మన ఒంట్లోకి వస్తయ్. అక్కడ సూది గొడ్డుకు వేస్తున్నారా, మనకు వేస్తున్నారా అనేది తేడా తెలియదు.

బ్రూసెల్లోసిస్ అని ఒకటి ఉంది. ఈసుకుపోయే రోగం అంటాం. చూలు ఆరు నెలలు దాటాక, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో గొడ్డు ఈసుకుపోతుంది, మాయ పడదు. మనం ఏం చేస్తాం? చెయ్యి పెట్టి లాగుతాం. ఆ చేతికి ఏదో ఒక గీత, ముల్లు గుచ్చుకున్న గాయం ఉంటుంది, రైతు చెయ్యి కదా. దానిలోంచి రోగం మనలోకి వస్తుంది. పచ్చిపాలు తాగినా వస్తుంది. వస్తే జ్వరం ఒకరోజు ఉంటుంది, నాలుగు రోజులు ఉండదు, మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు చెమట, నడుం నొప్పి, కీళ్ల నొప్పి. మగవాళ్లకు వృషణాలు వాస్తయ్. మా చుట్టాల్లో ఒకతనికి ఏడు నెలలు టైఫాయిడ్ అనీ, మలేరియా అనీ, కీళ్లవాతమనీ మందులు వాడారు. చివరికి ఒక పెద్ద డాక్టరు, 'నీకు పాడి ఉందా?' అని అడిగారట. ఆ ఒక్క ప్రశ్న ముందే ఎవరూ అడగలేదు. ఆరు వారాలు రెండు రకాల మందులు కలిపి వాడితే తగ్గింది. కాబట్టి అక్కలారా, విడవని జ్వరంతో ఆస్పత్రికి పోతే డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి, మాకు గొడ్లున్నయ్యని.

ఈ రోగానికి మనుషులకు టీకా లేదు. మనకున్న టీకా అంతా దూడ దగ్గరే ఉంది. ఆడదూడకు నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటకముందు ఒక్క సూది. జీవితంలో ఒక్కసారే. మగదూడలకు వేయరు, చూలుగొడ్లకు వేయరు. ఆ నాలుగు నెలల్లో వేయించకపోతే తర్వాత వేయించలేం. అందుకే ఈసారి ఇంటింటి లెక్క తీసేటప్పుడు పెయ్యదూడ పుట్టిన తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, పాల లెక్క రాసుకునే చోటే. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా, వేసేవాడికి గుచ్చుకుంటే వాడికీ ప్రమాదమే. ఆ పిల్లవాడి చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉన్నయ్యా అని అడగడం కూడా మన పనే. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వేయకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

ఇక్కడ ఇంకో మాట, మగవాళ్లు ఏమనుకున్నా సరే. సూది వేయించాలా వద్దా అని రచ్చబండ మీద తేల్చేది మనం. పాలు పితికేది, పేడ తీసేది, మాయ పట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. రోగం వచ్చేది వాళ్ల చేతికి. టీకాలవాళ్లు వచ్చినప్పుడు 'మా ఆయన ఇంట్లో లేడు' అని పంపేసే మాట మనం నేర్పిందే.

దొమ్మ రోగం చాలా ఊళ్లలో మర్చిపోయాం, కానీ అది నేలలో పడి ఏళ్లకేళ్లు ఉంటుంది. ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారిన గొడ్డును కోయకూడదు, తోలు తీయకూడదు. విశాఖ మన్యంలో అట్లాంటి మాంసం తిని, ముట్టుకుని రోగం పాలైన గిరిజనుల గురించి పేపర్లలో ఎన్నిసార్లు చదివాం? వాళ్లు తెలియక తిన్నారని మనం అంటాం. ఉన్న ఒక్క గొడ్డు చస్తే దాన్ని మట్టిలో పెట్టగలిగిన స్థోమత ఎవరికుంది? ఆ రోగం వచ్చిన ఊళ్లలో ఏటా గొడ్లకు సూది వేయించడం సర్కారు బాధ్యత.

చివరగా పిచ్చికుక్క. ఇది మా ఇంట్లోనే జరిగింది, నాలుగేళ్లయింది. మా పడ్డదూడ మేత మానేసింది. చొంగ కారుతోంది, నీళ్ల దగ్గరకు పోతోంది గానీ మింగలేకపోతోంది. గొంతు బొంగురుపోయి అరుస్తోంది. గొంతులో మామిడి టెంక అడ్డం పడిందేమో అనుకున్నాను. మీరెవరైనా అదే అనుకుంటారు. మోచేతి దాకా దాని నోట్లో చెయ్యి పెట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. నా వేళ్లకు ముందురోజు గడ్డి కోసిన కొడవలి గాట్లున్నయ్. రెండో రోజు డాక్టరు గారు వచ్చి దూరం నుంచి చూసి, 'నోట్లో ఎవరు చెయ్యి పెట్టారు?' అన్నారు. నేను చెయ్యి ఎత్తాను, బళ్లో పిల్లవాడిలాగా. అప్పుడు గుర్తొచ్చింది, నెలన్నర కిందట రాత్రి కొట్టంలో కుక్కల గొడవ జరిగింది. దూడ కాలి మీద చిన్న గాటు. పసుపు రాశాను అప్పుడు.

దూడ మూడో రోజు పోయింది. ఇక నా సంగతి. మా ఇంటికి వచ్చినవాళ్లు తలా ఒక మాట. ఒకరు ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు పోతే చాలన్నారు. ఒకరు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, తట్టుకోలేవన్నారు. ఒకరు నిన్ను కుక్క కరవలేదుగా అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నేను పసరు వైపే మొగ్గాను. డబ్బు కాదు, ఆస్పత్రి అంటే భయమూ కాదు. దూడ నోట్లో చెయ్యి పెట్టినందుకు చచ్చిపోతానన్నది బుర్రకు ఎక్కలేదు. మా ఇంటావిడే, 'ఆ రోజు బర్రెకు వద్దన్నావ్, ఏమైందో చూశావ్' అంది. ఒక్క మాట. తెల్లారి బస్సెక్కాను.

బొడ్డు చుట్టూ సూదులు ఇప్పుడు లేవు. ఆ పాత మందు ఆపేసి 20 ఏళ్లు దాటింది. నాకు భుజాల మీద చర్మంలోకి సన్నటి సూదులు వేశారు, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగు సార్లు పోవాలి. గాట్ల చుట్టూ ఇంకో మందు ఎక్కించారు, అది నొప్పే. సర్కారు ఆస్పత్రిలో డబ్బు తీసుకోలేదు. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఒకటి, చొంగ తగిలిన వెంటనే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయకూడదు. రెండు, రోగం బయటపడ్డాక ఇక మందు లేదు, బయటపడకముందే సూది పనిచేస్తుంది. కాచిన పాలు తాగినవాళ్లకు భయం లేదని కూడా చెప్పింది, ఆ మాటతో మా బజారంతా ఊపిరి పీల్చుకుంది. నాలుగో సూదికి పోవాల్సిన రోజు మిరప కోతలు. పోయాను. మూడు సూదులతో ఆపేసే వాళ్లు మనలో ఎందరో ఉన్నారని నాకు తెలుసు, కోతలు, కూలీలు, బస్సు చార్జీలు. ఆపకండి. కుక్క కరిచిన గొడ్డుకూ అట్లాగే వరస సూదులున్నయ్, కరిచిన రోజే మొదలుపెట్టాలి. పెంచుకునే కుక్కకు, ఊరి కుక్కలకు ఏటా సూది వేయిస్తే మనకూ గొడ్లకూ ఈ తిప్పలే ఉండవు. పంచాయతీ తీర్మానం చేయించే పని మన సంఘం తీసుకోవాలి.

కరోనా ప్రస్తావన తేకుండా పోదామనుకున్నాను గానీ, కింద కూర్చున్న మా బావ నవ్వుతున్నాడు. చెబుతాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో మనవాళ్లు సూది కోసం తిరిగి దొరక్క వెనక్కొచ్చారు. నాతోపాటు ఇరవై ఏళ్లు జెండా మోసిన మనిషి ఒకాయన అట్లా తిరుగుతూ తిరుగుతూనే పోయాడు. జూన్ 21 నుంచి పద్దెనిమిదేళ్లు దాటిన అందరికీ ఉచితమన్నారు, తర్వాత సూదులు ఊరికొచ్చినయ్. అప్పుడు మనవాళ్లలో సగంమంది వద్దన్నారు. నేను కూడా టీ కొట్టు దగ్గర ఉపన్యాసం ఇచ్చాను, కంపెనీలు లాభాల కోసం చేస్తున్నయ్యని. లాభం సంగతి నిజమే, ఇప్పుడైనా అంటాను. ఎరువుల కంపెనీకీ లాభమే, అయినా యూరియా చల్లుతున్నాంగా. ధర మీద, ఎవరికి ముందు అందుతుందన్న దాని మీద కొట్లాడాలి మనం. నేను దాన్నీ దీన్నీ కలిపేశాను. నా ఉపన్యాసం విని ఎవరు ఇంటికి పోయి మానుకున్నారో నాకు తెలియదు. మా పిన్నమ్మ సంగతి ఒక్కటే నాకు తెలిసింది, ఎందుకంటే గోడ అవతలే కాబట్టి.

వచ్చే నెల విడతకు ప్రతి ఊరి నుంచి ఇద్దరు పేర్లు ఇవ్వండి, ఒకరు తప్పకుండా ఆడమనిషి ఉండాలి. ముందురోజు సాయంత్రం బజారు బజారు తిరిగి చూలుగొడ్లు ఎన్ని, నాలుగు నెలలు దాటిన పెయ్యలు ఎన్ని రాసుకోవాలి. టీకా రోజు ఐస్ పెట్టె పక్కనే నిలబడాలి. ఏ గొడ్డుకైనా తేడా చేస్తే అదే రోజు ఫోటో తీసి, తేదీ రాసి, డాక్టరుకూ సంఘం ఆఫీసుకూ చెప్పాలి. దాచవద్దు. దాస్తే పుకారవుతుంది.

మా ఊళ్లో మొదటి సూది మా దొడ్లోనే. పొద్దున ఆరింటికి రమ్మని ఆ పిల్లవాడికి చెప్పాను. మా పిన్నమ్మ ఇప్పుడు ఒక బర్రెను తెచ్చుకుంది. పోయిన విడతలో దాన్నీ చెరువు వెనక్కి తోలింది. నిన్న గోడ మీదుగా అడిగాను, ఈసారి ఏం చేస్తావని. 'నువ్వు ముందు వేయించు, అప్పుడు చూస్తా' అంది.